పన్నెండు చేపలు, పదకొండు కార్జాలు

షిమొనొసెకి రేవూళ్లో విషముండే ఫుగు చేప కోసేవాళ్లకు కొదవలేదు గానీ, మా వీధిలో ఆ లైసెన్సున్న ఆడమనిషి చిజురు ఒక్కతే. మా టోఫు కొట్టుకూ వాళ్ల హోటలుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. రోజూ టోఫు పట్టుకెళ్లి వెనక గుమ్మంలో ఇచ్చేదాన్ని కనక ఆ ఇంటి సంగతులు నాకు తెలియనివి తక్కువ.

ఆమెకు కత్తి నేర్పింది మామగారు తొకుజో. మొగుడు యోషిరో ఓడల కంపెనీలో గుమాస్తా, చేప వాసనంటేనే ముక్కు మూసుకునే రకం. కొడుక్కి అబ్బని విద్యను ముసలాయన కోడలికి నేర్పాడు. ముద్దుగానేం నేర్పలేదు. పరీక్షలో ఇరవై నిమిషాల్లో చేపను విప్పి, తినేవి ఒక పళ్లెంలో, విషమున్నవి ఒక పళ్లెంలో సర్ది, ప్రతి ముక్కకూ పేరు చీటీ పెట్టాలి. మొదటిసారి ఆమె తినే మగచేప జనకూ విషముండే ఆడచేప గుడ్ల జనకూ చీటీలు తారుమారు చేసి తప్పింది.

"ఇవాళ ఓ పెళ్లివారినందర్నీ చంపేశావమ్మాయ్" అన్నాడట ముసలాయన, తాపీగా అన్నం తింటూ.

రెండోసారి నెగ్గింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆమె చేతి తిండి తిని ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదు.

ఫుగు కార్జం అమ్మకూడదు, వడ్డించకూడదు అని సర్కారు కట్టడి చేసి, ఇది జరిగేనాటికి పదేళ్లు దాటింది. అంతకుముందు తొకుజో తిన్నవాడే. పెదాలు తిమ్మిరెక్కేదాకా తినడమే మగతనం అనుకున్న తరం అది. వాళ్లలో కొందరు ఆ మగతనంతోనే పోయారు. ముసలాయనకు ఆ యేడు కడుపులో పుండన్నారు, ఆనక పుండు కాదన్నారు, వసంతం దాకా ఉంటే గొప్పన్నారు. అప్పట్నుంచీ ఒకటే పాట.

"ఒక్క ముక్క పెట్టమ్మాయ్. ఎటూ పోయేవాణ్ణేగా!"

"మీరొక్కరే పోతే సరే మామయ్యా. హోటలూ పోతుంది, నేనూ జైల్లో కూచుంటా. చారు తాగండి."

డిసెంబరు నెలాఖరు ఆదివారం, చేపల సంఘం వాళ్ల ఏడాది ముగింపు విందు వీళ్ల హోటల్లోనే. చిజురు పొద్దున్నే పన్నెండు చేపలు కోసింది. కార్జం, విషపు జన, కళ్లు, పేగులు ఎప్పటికప్పుడు ఇనప్పెట్టెలో పడేసి తాళం వెయ్యాలి. ఆ పెట్టె నిండాక కాల్చెయ్యడానికి కొలిమికి పోతుంది. ఆ రోజు తొందరలో అన్నీ కోశాక ఒకేసారి వేద్దామని పళ్లెంలో ఉంచింది. సరిగ్గా అప్పుడే నేను టోఫుతో దిగాను. మా చెల్లెలి అత్తగారి మీద నాకున్న కోపమంతా ఆ గుమ్మంలో నిలబడి వెళ్లగక్కాను. రెండు నిమిషాలే. నా నోటికి అదుపు లేదని మా ఆయన ఊరికే అనేవాడు కాదు.

ఆమె వెనక్కి తిరిగి కార్జాలు లెక్క పెట్టింది. పదకొండు. మళ్లీ పెట్టింది. మూడోసారి వేలితో తాకుతూ పెట్టింది. చెక్క ఎత్తి చూసింది, తొట్టి జాలీ చూసింది, నేలంతా వెతికింది. ముసలాయన ఓ మూల పీటమీద కూచుని టీ తాగుతున్నాడు. అప్పుడామె పూలరేకుల్లా పేర్చిన చేప ముక్కల పళ్లేలు రెండు చేతులా ఎత్తి ఇనప్పెట్టె దగ్గరికి నడిచింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"లెక్క తప్పింది. ఏ ముక్కలో కలిసిందో ఏమో. అన్నీ పారేస్తున్నా."

"ఆ ముక్కలకేం కాలేదు. అది నా దగ్గరుంది."

"ఎక్కడ?"

"కడుపులో."

పళ్లేలు ఎలా కింద పెట్టిందో గానీ, చప్పుడు కాలేదు. ఆమె ఫోను దగ్గరికి పరిగెత్తింది. సెలవని ఇంట్లోనే ఉన్న యోషిరో అడ్డం వచ్చాడు.

"కడుపు జబ్బు ముదిరిందని చెప్పు. డాక్టర్లే చెప్పారుగా, వసంతం దాకానేనని. ఎవరడుగుతారు? హోటలన్నా నిలుస్తుంది."

అబద్ధమెందుకు, ఆ క్షణాన నాకూ అదే నయమనిపించింది. ముసలాయన వింటూనే ఉన్నాడు. అప్పటికే పెదాలు తడుముకుంటున్నాడు.

చిజురు మొగుణ్ణి మోచేత్తో నెట్టి ఫోనెత్తింది. "ఫుగు కార్జం మింగారు. పావుగంటైంది. మా హోటల్లోనే. ఊపిరి మిషను సిద్ధం చెయ్యమనండి" అని, అడ్రసు రెండుసార్లు చెప్పింది.

ఆస్పత్రికి చేరేసరికి ఆయన కాళ్లూ చేతులూ కొయ్యబారాయి. ఆ విషంతో ఒళ్లు చస్తుంది, తెలివి చావదు. ఒకటిన్నర రోజు మిషనే ఊపిరి పోసింది. ఈలోగా ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి హోటలు మూయించారు. వాళ్లకిచ్చిన కాగితంలో చిజురు, కార్జాలు పెట్టెలో వేసి తాళం వెయ్యకుండా పళ్లెంలో వదిలి వీపు తిప్పానని రాసింది. ఎవరితో మాట్లాడటానికి తిప్పిందో రాయలేదు. అందుకు నేనామెకు జన్మంతా రుణపడ్డాను.

మూడోరోజు గొట్టం తీశారు. నేనూ వెళ్లాను. యోషిరో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముసలాయన అటు చూడలేదు.

"లైసెన్సు?" అన్నాడు, గొంతు పెగల్చుకుని.

"ఆపేశారు. మళ్లీ ఇస్తారో లేదో విచారణలో తేలుస్తారట."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చిజురు దుప్పటి సర్దింది. సర్దుతూ, ఉండబట్టలేక అడిగింది.

"ఇంత చేశారు. రుచన్నా బాగుందా మామయ్యా?"

"తెలీదమ్మాయ్. నువ్వు లెక్కెట్టడం మొదలెట్టావు. భయమేసి నమలకుండా మింగేశా."

ఆ మూడు రోజుల్లో చిజురు ఏడవగా నేను చూడలేదు. అప్పుడు మంచం పక్కన నేలమీదే కూలబడి, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది.