కాలికి మత్తు, నోటికి మెలకువ

ఆ రోజుల్లో ధైర్యమంటే నోరు మెదపకుండా ఉండటమేనని నా గట్టి నమ్మకం. ఆ లెక్కన బెజవాడ మొత్తంలో నా అంత ధైర్యవంతురాలు లేదు. పెళ్ళి భోజనాల్లో పప్పు నా విస్తరి దాటి వెళ్ళిపోయినా పిలిచేదాన్ని కాదు. బస్సు నా స్టాపు దాటిపోతే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. (ఆ నడకల వల్లే కాలు చెడిందని మా మేనత్త సిద్ధాంతం.) బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఏ చెప్పూ పట్టని పరిస్థితి వచ్చేసరికి గుణదలలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ ఖాయమైంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నంలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగమూ వచ్చింది. నాన్న ఔననలేదు, కాదనలేదు. "ముందు ఆపరేషన్ కానీయమ్మా, నీ సంగతి చూసి చెబుతా" అన్నారు. అసలు ఇంటర్వ్యూ ఇదేనని నాకు అర్థమైపోయింది. కిక్కురుమనకూడదు, అంతే.

మత్తు డాక్టరుగారు సరదా మనిషి. "మనిషి మొత్తానికి మత్తెందుకమ్మా, కాలొక్కటీ నిద్రపోతే చాలు" అంటూ మోకాలి వెనక సూది గుచ్చారు. కాసేపటికి మోకాలి కింద భాగం నాది కాకుండా పోయింది. తెర అవతల నా ఎముక కోస్తున్న చప్పుడు, దాంతోపాటే ఆవకాయలో ఆవపిండి ఎంత పడాలో డాక్టర్ల చర్చ. (మా ఇంటి పాళ్ళు చెబుదామనుకున్నాను గానీ, నోరు పెగల్లేదు.) గదికి పంపేముందు ఆయన మరీ మరీ చెప్పారు: "సాయంత్రానికి మత్తు వదులుతుంది. నొప్పి లేదు కదా అని మాత్ర మానొద్దు, ముందే వేసుకోవాలి. కట్ట తెగాక ఇసక బస్తాలు వేస్తే ఏం లాభం?" నేను యథాప్రకారం తల ఊపాను.

పామర్రు నుంచి మేనత్త బత్తాయిల సంచితో దిగింది. "కోసిన కాలేనటే ఇది? నొప్పి లేదూ?" అంటూ కట్టుకి పైన పిక్క మీద గిల్లింది. "ఏం తెలియట్లేదత్తా" అన్నాను. ఇంకేముంది, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ "గిల్లి చూడండి వదినగారూ! మా పిల్ల ఉలకదు, పలకదు" అని ఆహ్వానించడం మొదలుపెట్టింది. నర్సు మాత్ర తెచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నారు. ఆయన చూస్తుండగా నొప్పి మాత్ర మింగడమా? తర్వాత వేసుకుంటానని, దాన్ని చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టేసుకున్నాను. డైరీ తీసి "నొప్పి అనేది మనసు కల్పించుకున్న భ్రమ" అని కూడా రాసుకున్నాను.

పొద్దు వాలుతుండగా వేళ్ళల్లో చీమలు పాకాయి. చూస్తుండగానే ఆ చీమలు తేళ్ళయ్యాయి. పళ్ళు బిగబట్టి, దుప్పటి పిడికిట్లో పట్టుకుని, ఇక మాత్ర కోసం పుస్తకం అందుకోబోతున్నాను. అప్పుడే లోపలికొచ్చిన పక్కింటి పిన్నిగారు, అత్త ప్రోత్సాహంతో, పాపం మొహమాటంగానే, గిల్లారు.

"అమ్మో! సిస్టర్! మంట! ఇప్పుడే రండి! అత్తా, ఇంకెవరైనా నా కాలు ముట్టుకుంటే ఊరుకోను!"

ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకే కాసేపు పట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చి, మాత్ర మింగలేదని విని చివాట్లు పెడుతూనే ఇంజక్షన్ చేసింది. నొప్పి కాస్త సర్దుకున్నాక నాన్న మంచం పక్కన కూర్చున్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"ఓర్చుకోలేకపోయాను నాన్నా."

"నువ్వు ఓర్చుకుంటావనేగా నా భయమంతా! ఊరు కాని ఊళ్ళో జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పకుండా పడుంటావని. ఇప్పుడు కింద టీ కొట్టు దాకా వినబడింది. ఇంక వెళ్ళమ్మా."

"పిల్ల సంగతి సరే అన్నయ్యా, ముందు పిన్నిగారికి కాస్త కాఫీ తెప్పించు. ఆవిడ ఇంకా వణుకుతోంది" అంది అత్త.

డైరీలో నా తత్త్వం కింద ఆ రోజు ఇంకేమీ రాయలేదు, ఒక వంకర గీత గీసి మూసేశాను. విశాఖలో ఇప్పుడు నా పని పిల్లల్ని మాట్లాడొద్దనడం! మాత్రలు వేళకు వేసుకుంటాను, బస్సులో "ఆపండి" అని గట్టిగానే అరుస్తాను. ఎప్పుడైనా ఒకసారి మాత్రం, చేతిలో మంచి పుస్తకం, కిటికీ పక్క సీటూ ఉంటే, కావాలనే స్టాపు దాటనిచ్చి, బాగుపడిన కాలితో వెనక్కి నడిచి వస్తాను. పప్పు అడగలేని ఆ పిల్ల అప్పుడు నా పక్కనే నడుస్తున్నట్టుంటుంది.