ఆరు గంటల తాళాలు

ముందు తాళాల గుత్తి గలగలమంది. ఆ తర్వాతే నడవా మలుపులో నాన్న కనిపించాడు, వెనకే వృద్ధాశ్రమం ఆయా. కూతురి గుండె ఉప్పొంగింది. మతిమరుపు ముదిరి, రోజూ సాయంత్రం అరుస్తూ తలుపులు బాదుతున్నాడని రెండు నెలల క్రితం ఆయనకు మత్తు మాత్రలు మొదలుపెట్టారు. అప్పట్నుంచీ తల వాల్చి కుర్చీలోనే కూలబడి ఉండేవాడు.

ఆయా మాత్రం ఆ అరుపుల వేళను మొదటినుంచీ పుస్తకంలో రాసిపెట్టింది. ప్రతిసారీ ఆరు గంటలే, సిబ్బంది తలుపులకు తాళాలు వేసే సమయమే. ఆయన ముప్ఫై ఏళ్లు గోదాముకు కాపలా కాసిన మనిషని కూతురి నోట విన్న రోజే ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టింది.

"తన పని ఇంకొకరు లాక్కుంటుంటే కోపం రాదా సార్?"

అలా తాళాలు నాన్న చేతికొచ్చాయి. డాక్టరు మాత్రలు మెల్లగా తగ్గిస్తూ వచ్చి, పోయిన వారం పూర్తిగా ఆపేశాడు.

నాన్న తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు. సాయంత్రపు ఎండలో ఆయన వేళ్ల మధ్య తాళంచెవులు మెరిశాయి. ఇక గేటు ఒక్కటే మిగిలింది.

"మా నాన్నను మళ్లీ మాకు చూపించావక్కా," అంది కూతురు.

ఆయా తలెగరేసి నవ్వింది. "పదహారేళ్ల సర్వీసు తల్లీ నాది, ఊరికే పోతుందా! ఇక బయల్దేరండి. ఆరు దాటితే మీ నాన్నగారు కూతురని కూడా చూడరు, లోపలే పెట్టి తాళం వేసేస్తారు."