వణికే పూస

ఏ కప్పు కిందికి వెళ్లినా తోమాసు ముందు దాన్ని తట్టి చూస్తాడు. అందితే వేలి కణుపులతో, అందకపోతే గొడుగు కొనతో. తట్టి, తల పక్కకు వంచి, కాసేపు ఆగి, అప్పుడు లోపల అడుగు పెడతాడు. పెళ్లిచూపులనాడు కూడా అంతే.

"మా దూలం నచ్చినంకనే నన్ను చూసిండు," అని భార్య సుగుణమణి ఇప్పటికీ నవ్వుతుంది.

గోదావరిఖనిలో అతను భూగర్భ గని కార్మికుడు. బొగ్గు తీసిన చోట పైకప్పుకు ఆసరాగా దిమ్మలు నిలబెట్టే పని. దిమ్మ పెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులు కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా అతనికి నేర్పినవాడు కమాన్‌పూర్ ఎల్లేశం.

ముప్పై ఏళ్ల పేలుళ్ల మోతకు తోమాసు చెవులు మందగించాయి. 2004లో ఒకరోజు కప్పును కొట్టి, బాగుందనుకుని కిందే నిలబడ్డాడు. తోటి పనివాడు బిక్షం చొక్కా పట్టుకుని లాగాడు. మంచమంత పెళ్ల ఊడిపడింది.

"ఏందే అన్నా, వినవడ్తలేదా?"

"వినవడ్డది. వేరేది వినవడ్డది."

చెవి చేసే పని కంటికి అప్పగించాలనుకున్నాడు. రెండేళ్లు పట్టింది. చివరికి తయారైంది ఒక రెండో కర్ర. దాని కొనకు రబ్బరు. కంటి ఎత్తున ఒక సన్నటి తీగ, తీగ చివర తెల్లపూస. ఒక చేత్తో ఈ కర్రను కప్పుకు ఆనించి, రెండో చేతి కర్రతో పక్కన కొట్టాలి. కప్పు గట్టిదైతే పూస కదలదు. వదులైతే వణుకుతుంది. టోపీ లైటు వెలుగులో ఆ వణుకు చక్కగా కనిపిస్తుంది.

టీచరు పని చేసే కూతురు ఫెబా పేటెంటు దరఖాస్తు రాసింది. తోమాసు చెప్పిన మొదటి మాట ఇది: "కప్పు కొట్టి చూసుడు ఎల్లేశం నేర్పిండు. పాత పద్ధతే."

"ఇదెందుకు బాపూ?"

"బొగ్గుబాయిల ఏ పని చెప్పినా, నేర్పినోని పేరు చెప్పినంకనే చెప్తరు బిడ్డా."

నాలుగేళ్లకు చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. ఇది పాత పద్ధతేనని మీరే రాశారు, మరి కొత్తదేమిటి? గడువులోగా జవాబు లేకపోతే దరఖాస్తు పోయినట్టే.

"బొగ్గు తవ్వమంటే నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నవేందే!" అన్నాడు బిక్షం.

"ఆ ముక్క తీసేద్దాం బాపూ," అంది ఫెబా.

"అది తీస్తే వచ్చే కాయిదం నాకద్దు."

ఆరేళ్ల శ్రమ ఒక్క వాక్యం దగ్గర ఆగింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు సుగుణమణి ఆ కాగితాలు మళ్లీ చదివించుకుని విన్నది.

"ఎల్లేశం కాకది ఇందుల ఉన్నది. మరి నీదేడ ఉన్నది? పూస గురించి ఒక్క ముక్క రాసినవ్, అదీ సిగ్గుపడుకుంట. కాకది కాకకు ఉంచు. నీది నీదని చెప్పు."

తోమాసు ఫెబాను పిలిచి, పూస గురించి మూడు పేజీలు చెప్పాడు. ఎల్లేశం పేరు మొదటి వరుసలోనే ఉంది.

2012లో చెన్నైలో విచారణ. తోమాసు అధికారిని రెండు చెవులూ మూసుకోమన్నాడు. ఫెబా ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి మూసుకున్నాడు. తోమాసు కర్ర ఆనించి గోడను కొట్టాడు. పూస కదలలేదు. బీరువా వెనక వదులైన చెక్కను కొట్టాడు. పూస వణికింది. ఆగలేదు. అధికారి చెవుల మీద చేతులు తీయకుండానే, "మళ్లీ," అన్నాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి కర్ర అధికారి తానే పట్టుకున్నాడు.

2013 జూలైలో పేటెంటు వచ్చింది. దిమ్మల పనివాళ్లంతా తోమాసు క్వార్టరు ముందు చేరారు. ఎవరో డప్పు తెచ్చారు. ఫెబా దస్తావేజు తెలుగులో చదువుతుంటే, ఎల్లేశం పేరు వచ్చిన చోట బిక్షం టోపీ తీసి ఈల వేశాడు.

మర్నాడు తోమాసుది రెండో షిఫ్టు. పొద్దున్నే నర్సింగం లేతు షాపు తలుపు తెరిచేసరికి అతను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"యాభై కర్రలు చెయ్యాలె," అన్నాడు.

"యాభయ్యా? అన్ని ఎవరికే?"

"మా షిఫ్టుకు. మిగిలిన షిఫ్టులకు మళ్ల వస్త."