అమ్మ కునుకు తీసే వేళ

మా ఊరు బెల్రియాక్ చుట్టూ పరుగెత్తడానికి రెండు దారులున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చెట్ల మీద, రాతి గోడల మీద పసుపు బాణాలు చూసుకుంటూ ఎవరైనా పోవచ్చు. ఆదివారాలు లిమోజ్ నగరం నుంచి కూడా కార్లలో వచ్చి పరుగెత్తి పోతుంటారు. ఈ దారులను మునిసిపాలిటీ వేసిందని వాళ్లు అనుకుంటారు. మునిసిపాలిటీ వేసింది రంగు మాత్రమే. దారులు గిస్లెన్‌వి.

గిస్లెన్ బుర్దెయ్ బడి వంటగదిలో పనిచేసేది. పొద్దుటి నుంచి పిల్లలకు సూపులు, బంగాళాదుంపలు ఉడికించి, పెద్ద పెద్ద గిన్నెలు తోమి, మధ్యాహ్నం దాటాక ఇంటికి చేరేది. ఇంట్లో తల్లి లియోంటీన్ ఉండేది. పెళ్లీ పిల్లలూ లేని గిస్లెన్‌కు ఉన్నది ఆవిడొక్కతే. ఆవిడకు మతిమరుపు ముదిరింది. పొయ్యి వెలిగించి మరిచిపోవడం, కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా మీరు, లోపలికెలా వచ్చారు?" అనడం మామూలైపోయింది. గిస్లెన్ వాదించేది కాదు. "సూపు తెచ్చిన మనిషినండీ" అనేది. "అయితే కూర్చోండి" అనేది తల్లి, మర్యాదగా.

భోజనమయ్యాక లియోంటీన్ ఒక కునుకు తీసేది. ఆ కాస్తసేపే గిస్లెన్‌ది. మొదట్లో తనూ నడుం వాల్చి చూసింది. ఒళ్లు మంచం మీద, చెవులు పక్క గదిలో. నిద్ర ఎలా పడుతుంది? ఒకరోజు పాత గుడ్డబూట్లు తొడుక్కుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసి, ఏటి ఒడ్డున పాడుబడ్డ పిండిమర దాకా పరుగెత్తి వచ్చింది. వచ్చేసరికి తల్లి ఇంకా నిద్రలోనే ఉంది. అదే చిన్న దారి.

మంగళ, శుక్రవారాల్లో పక్కింటి మదాం పూజే తన అల్లిక పని తెచ్చుకుని లియోంటీన్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో గిస్లెన్ మర దాటి, చెస్ట్‌నట్ అడవిలోంచి, ఆవులు పెంచే రెజిస్ షాస్తాం పచ్చిక బీడు మీదుగా చుట్టి వచ్చేది. అది పెద్ద దారి.

నేనప్పుడు ఉత్తరాలు పంచేదాన్ని. తపాలా బండిలో పోతూ, ముఖమంతా ఎర్రబడి పరుగెత్తే ఈ మనిషిని రోజూ చూసేదాన్ని. ఒక శుక్రవారం నేనూ ఆమెతో పరుగెత్తాను. తరువాత మందుల షాపు వాళ్లు, ఆ తరువాత ఎవరెవరో. మేం తొక్కి తొక్కి దారి తెల్లగా తేలాక మునిసిపాలిటీ వాళ్లు వచ్చి బాణాలు వేసి పోయారు. బాణాలు చూసి బయటివాళ్లు రావడం మొదలైంది. వాళ్లలో ఎవరో ఒకరు రెజిస్ బీడు గేటు తెరిచి, మూయకుండా పోయారు. ఆవులు రోడ్డెక్కాయి. కారు గుద్ది ఒక చూడి ఆవు చచ్చిపోయింది.

తరువాతి మంగళవారం గిస్లెన్, నేను వెళ్లేసరికి గేటుకు అడ్డంగా ముళ్లతీగ ఉంది. రెజిస్ అవతల నిలబడి తీగ బిగిస్తున్నాడు.

"ఇదేంటి రెజిస్?" అంది గిస్లెన్.

"ముళ్లతీగ. ఎప్పుడూ చూళ్లేదా?"

"గేటు వదిలేసింది నేను కాదుగా."

"నువ్వు కాదని నాకు తెలీదా? బళ్లో కూడా అందరి సిరాబుడ్లకీ మూతలు పెట్టిందానివి నువ్వే. కానీ నీ వెనకొచ్చేవాళ్లంతా నువ్వు కాదు కదా. ఆవు పోయింది, కడుపులో దూడా పోయింది. మీ బాణాలు వాటిని లేపుతాయా?"

 ఆ రోజు వంటగదిలో మనిషి తక్కువై, గిస్లెన్ ఇద్దరి పని ఒంటరిగా చేసి వచ్చింది. వెనక్కి తిరిగి రోడ్డు పట్టింది. రోడ్డంట పోతే చుట్టు ఎక్కువ.

ఇంటికి చేరేసరికి మదాం పూజే గుమ్మంలో ఏడుస్తూ ఉంది. అల్లుతూ అల్లుతూ ఆవిడకూ కునుకు పట్టిందట. కళ్లు తెరిచేసరికి లియోంటీన్ కుర్చీ ఖాళీగా ఉందట.

ఏరు వెతికాం, చర్చి వెతికాం, బడి కూడా చూశాం. చివరికి గిస్లెన్ మర దాటి అడవిలోకి పరుగు తీసింది. నేను వెనకబడిపోయాను. బీడు దగ్గరికి చేరేసరికి ఆవులు నీళ్లు తాగే తొట్టి పక్కన బోర్లించిన బకెట్ మీద లియోంటీన్ కూర్చుని ఉంది. కాళ్లకు ఇంటి చెప్పులు, భుజాల మీద రెజిస్ కోటు. కోటు లేని రెజిస్ ఎదురుగా తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అన్సెల్మ్, నీకు సిగ్గుందా?" అంటోంది ఆవిడ. "ఊరంతా చూస్తుంటే నన్నొదిలేసి ఆ మర వాడి కూతురితో డాన్సు చేస్తావా?"

"తప్పయిపోయింది లియోంటీన్" అన్నాడు రెజిస్. మమ్మల్ని చూసి గొంతు తగ్గించాడు. "మా నాన్ననుకుంటోంది. తీగకి చిక్కుకుని కనిపించింది. విడిపించిందగ్గర్నుంచీ తిట్లే. మా నాన్న బతుకంతా ఇవాళే తెలుస్తోంది నాకు."

గిస్లెన్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. తొట్టికి వీపు ఆనించి బురదలోనే చతికిలబడింది.

"లేవలేను రెజిస్."

"అయితే కూర్చో. ఎవరు తరుముతున్నారు?"

చాలాసేపు కూర్చుంది. ఆవులు వచ్చి, ఆమె తల మీదుగా మెడలు చాచి నీళ్లు తాగి పోయాయి. తరువాత రెజిస్ ముగ్గురినీ గడ్డి వాసన కొట్టే తన వ్యాన్‌లో ఇంటి దగ్గర దింపాడు.

ఆ వారంలోనే అతను ముళ్లతీగ తీసేసి, కంచెలో కర్రలు పాతి ఒక వంకర సందు చేశాడు. మనిషి పక్కకు తిరిగి దూరవచ్చు, ఆవు దూరలేదు. "మూయాల్సిన పని లేదు. మీ బుర్రల మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు మాతో. మందుల షాపాయన పొట్ట పట్టక ఇరుక్కుంటే, "ఇంకో రెండు నెలలు పరుగెత్తి రండి, ఆనక చూద్దాం" అన్నాడు. ఆయన గునుస్తూనే దూరాడు.

లియోంటీన్‌ను చలికాలంలో వృద్ధుల ఆశ్రమానికి పంపక తప్పలేదు. చలి విరగక ముందే ఆవిడ పోయింది.

ఇక మధ్యాహ్నాలన్నీ గిస్లెన్‌వే. పూడ్చిపెట్టిన మరుసటి వారం నేనే బలవంతాన బయటికి తీసుకొచ్చాను. మర దాకా వచ్చి ఆగిపోయింది. ఒగర్పు కూడా లేదు.

"ఏమైంది?"

"అలసటగా ఉంది ఎలియెట్."

"కాస్త ఆగి పోదాం."

"ఆగితే పోయేది కాదే ఇది. ఇవాళ్టిది కాదు."

ఇద్దరం నడుచుకుంటూ తిరిగొచ్చాం. ఆ తరువాత నెలల తరబడి ఆమె బడి నుంచి రావడం, పడుకోవడం. తలుపు తడితే లేచేది కాదు. బూట్లు గుమ్మం పక్కన వాన తడికి బూజు పట్టాయి. ఊళ్లో వాళ్లు తలొక మాట అన్నారు. మదాం పూజే మాత్రం, "పడుకోనివ్వండి. దానికి నిద్ర బాకీ ఉంది" అని అందరినీ కసిరింది.

జూన్‌లో ఒక శుక్రవారం తనంతట తానే వచ్చింది. ఒళ్లు వచ్చింది, ముఖం ఉబ్బి ఉంది. అందరికంటే వెనక, నడకకూ పరుగుకూ మధ్యలో ఏదో చేస్తూ బయల్దేరింది. మేం ఆగబోతే చెయ్యి ఊపి పొమ్మంది. మేమంతా చుట్టి వచ్చి, మిగతావాళ్లు ఇళ్లకు పోయాక కూడా రాలేదు. చర్చి మెట్ల మీద రొట్టె, జున్ను పెట్టుకుని కూర్చున్నాను. చివరికి వచ్చింది, కుంటుకుంటూ.

"పూర్తి చేశావా?"

"రెజిస్‌తో మాట్లాడుతూ కూర్చున్నా. సగంలోంచే వచ్చా." పక్కన కూలబడి బూట్లు విప్పింది. "కాళ్లు పీకేస్తున్నాయి. ఆ రొట్టె ఇటివ్వు."

సగం రొట్టె తినేసింది. తరువాత జున్ను ఎక్కడ కొన్నావని అడిగింది.