ఉరుముకు ముందే గేటు తట్టే మామ

ఎదురింటి మామ పోయాడన్న కబురు ఆయన భార్య, మా అత్తే తెచ్చింది. నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. గేటు పట్టుకుని నిలబడి, "పెద్దమ్మణ్ణీ, మామ కాఫీ తాగి పండుకున్నాడు. లేపితే లేయలేదు" అంది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరట. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయాడు. స్వామి దయ.

మామ కరెంటాఫీసులో లైన్‌మ్యానుగా చేసి రిటైరైన మనిషి. ఏరియూరు వైపు ఆకాశం నల్లబడితే చాలు, లుంగీ పైకి మడిచి మా వీధిలో ప్రతి గేటూ తట్టేవాడు. "పెరికినారా?" అదొక్కటే మాట. కంప్యూటరు ప్లగ్గు, మోడెం ప్లగ్గు, మేడ మీదుగా దిగే ఇంటర్నెట్ తీగ, మూడూ పెరికామని చెప్పేదాకా కదిలేవాడు కాదు.

"ఇంకా చినుకే లేదు గదా మామా" అనేది మా చెల్లెలు.

"పిడుగు నీకు ఫోను చేసి వస్తుందా? పెరుకు."

"మీరు కరెంటు ఇచ్చేటోళ్లా, తీసేటోళ్లా?"

"ముప్పై ఏండ్లు ఇస్తిని. ఇప్పుడు తీస్తాండా, పో!"

చెల్లెలికి చిన్నప్పుడే ఒక కాలు పడిపోయింది. ఒక కంపెనీకి ఇంట్లో నుంచే కంప్యూటరు మీద పనిచేస్తుంది. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం ఉరుములు మొదలైతే, మా అమ్మ నేర్పినట్టే నేను వాకిట్లో గడ్డపార పడేసి, అర్జునుడి పది పేర్లూ చెప్పుకున్నాను. గోడ మీది స్విచ్చి కూడా ఆపాను. అంతటితో సరిపోయిందనుకున్నాను. మెరుపు ఇంటర్నెట్ తీగ వెంట దిగింది. మోడెం మాడిపోయింది, కంప్యూటరు మళ్లీ లేవలేదు. పదిహేను రోజులు పని ఆగింది. ఇంకోసారి ఇట్లా ఆగితే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు కంపెనీవాళ్లు.

మామ వచ్చి మోడెం వాసన చూశాడు. తిట్టలేదు. "స్విచ్చి మూసినావు సరే, తీగ దారి తెరిచే పెడితివి" అన్నాడు.

"పేర్లు కూడా చెప్పుకుంటిని మామా."

"చెప్పుకో తల్లీ, వద్దంటానా? ముందు పెరుకు, ఆమీద చెప్పుకో. దేవుడికీ కొంచెం పని తగ్గించాల."

నవ్వుతూ అన్నది కాదు. అప్పటినుంచి నేను ఆ వరసలోనే చేస్తున్నాను.

ఆయన పోయిన మూడోనాడు, కర్మలో పాలు పోసే రోజు, నేను అత్త పక్కనే కూర్చున్నాను. చెల్లెలు పని ఉందని ముందే ఇంటికి వెళ్లింది. ఉన్నట్టుండి ఇల్లంతా తెల్లగా వెలిగింది, వెంటనే ఉరుము. ఆ రోజు గేటు తట్టేవాడు లేడు. తీగలు పెరికేది ఎప్పుడూ నేనే. బల్ల కింద వంగడం చెల్లెలికి కష్టం. కంపెనీవాళ్లన్న మాట నాకంటే దానికే ఎక్కువ గుర్తు. ఇంత మెరుపులో వంగి, తీగ మీద చెయ్యి వేస్తుందేమోనని భయపడ్డాను. ఫోను చేశాను, ఎత్తలేదు. లేవబోతే అత్త కొంగు పట్టుకుని ఆపింది. నాకు పది పేర్లలో మూడే గుర్తొచ్చాయి.

వాన తగ్గగానే పరుగెత్తాను. కరెంటు లేదు. చెల్లెలు గదికి అవతలి మూల మంచం మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పెరికినావా?"

"లేదక్కా. ఉరుము వినబడినాక తీగ ముట్టొద్దని పోయిన నెల మామ నాచేత ఒట్టేయించుకున్నాడు. పెట్టె పోతే ఇంకోటి వస్తాది, నువ్వు రావు అన్నాడు. ఫోను కూడా బల్ల మీదే వదిలేసినాను. పోతే పోనీలే అని గమ్మునున్నాను."

దాన్ని దగ్గరకు తీసుకున్నాను.

చీకటి పడేవేళకు కరెంటు వచ్చింది. చెల్లెలు బటన్ నొక్కింది. తెర వెలిగింది. నేను దేవుడి దయ అన్నాను. మామ ఉంటే, "ఈసారి వదిలేసింది, అంతే" అనేవాడు.

కిటికీ తెరిచాను. ఎదురింటి అరుగు మీద అత్త ఒక్కతే నిలబడి మా ఇంటివైపే చూస్తోంది. "బాగుండాదా?" అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను తలూపాను. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టి, మెల్లగా లోపలికి వెళ్లింది.