పేర్రాజు మాస్టారు చూడని మీథేన్ ఊట

పేర్రాజు మాస్టారు ఇక లేరు. పూర్ణా మార్కెట్లో కూరలు ఏరుకుంటుండగా ఫోన్లో ఈ దుర్వార్త విన్నాను. కూరల సంచి అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. సముద్రగర్భ శాస్త్రానికి జీవితాన్ని ధారపోసిన ఆ మహనీయునికి నేను శిష్యురాలిని. సంతాప సభలో వక్తలందరూ ఆయన పాండిత్యాన్ని శ్లాఘించి, చివర్లో ఆయన చేసిన ‘ఒకే ఒక్క పొరపాటు’ను ఉదారంగా క్షమించారు. అక్కడ నేను నోరు మెదపలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాస్టారి తండ్రిగారు ఈ ఊరి పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మాస్టారు పెళ్లి చేసుకోలేదు. ఆయన ధ్యాసంతా మీథేన్ ఊటల మీదే. సముద్రం అడుగున మట్టి పొరల్లోంచి ఆ వాయువు బుడగలు బుడగలుగా పైకి వస్తుంది. లోతైన చోట సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు తినేస్తాయి. లోతు తక్కువైతే గాలిలో కలిసి భూతాపాన్ని పెంచుతుంది. "ఆ సూక్ష్మజీవులకు మనలో ఎవరైనా ఎప్పుడైనా దండం పెట్టారా?" అని క్లాసులో నిజంగానే కోపంగా అడిగేవారు.

పడవలోంచి ధ్వనిని కిందికి పంపితే, తిరిగొచ్చిన దాన్ని యంత్రం కాగితం మీద బొమ్మగా గీస్తుంది. బుడగలుంటే నిలువు స్తంభంలా కనిపిస్తుంది. అదే చోటికి వేరే పూట, వేరే రోజు వెళ్లి చూడనిదే మాస్టారు ఒక్క అక్షరం రాయనిచ్చేవారు కాదు. "ఊట ఎక్కడికీ పోదమ్మా, తొందరంతా మనదే" అనేవారు.

నాకు తొందరే. ఉద్యోగానికి ఒక ప్రచురణ కావాలి. యారాడ దగ్గర సముద్రంలో అటువంటి స్తంభం కనిపించగానే ఎగిరి గంతేశాను. మళ్లీ వెళ్లి చూశావా అని ఆయన అడిగారు. చూశానన్నాను. చూడలేదు. ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది, నాకు ఉద్యోగం వచ్చింది.

కొన్నాళ్లకు మాకు పడవ నడిపే యారాడ జాలరి పోలయ్య మాస్టారి దగ్గర ఆ బొమ్మ చూశాడు. "ఏటి బాబూ, దీన్ని గ్యాసంతన్నారా? ఇవి కవళ్లు. పొద్దు తిరిగితే ఎల్లిపోతాయి" అన్నాడు. కవళ్లనే ఆ చిన్న చేపల కడుపులోనూ గాలితిత్తి ఉంటుంది, గుంపుగా ఉంటే యంత్రానికి అవీ బుడగల్లాగే కనిపిస్తాయి. మాస్టారు పోలయ్య పడవలో వరసగా ఎన్నో పూటలు అక్కడికి వెళ్లొచ్చారు. ఆ స్తంభం మరి కనిపించలేదు.

నన్నేమీ అడగలేదు. దోషమంతా తనదేనని పత్రికకు రాసి, వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత ఆయనకు ‘కవళ్ల ప్రొఫెసర్’ అని పేరు పెట్టారు. పరిశోధక నౌకల్లో చోటు ఇవ్వడం మానేశారు. ఆయన గదికి వెళ్లేవాళ్లు తగ్గారు. అందరికన్నా ముందు మానేసింది నేనే. మొహం చెల్లక.

ఆపై లోతైన సముద్రంలో అసలైన ఊట బయటపడినప్పుడు ఆ నౌకలో ఉన్నది నేను. సూర్యకాంతి సోకని చీకట్లో, మీథేన్ ఆధారంగా బతికే ఆల్చిప్పల గుంపుల్ని, తెల్లటి బాక్టీరియా పొరల్ని కెమెరాలో చూశాను. ఆ ఫొటోలు చూపించడానికి చాలా ఏళ్ల తర్వాత ఆయన ఇంటికి వెళ్లాను. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఒక్కో ఫొటో చూశారు. బుడగలు చప్పుడు చేస్తాయా అని అడిగారు. కెమెరాలో వినపడదని చెప్పాను. ఇద్దరం కాఫీ తాగాం. చెప్పాల్సింది మాత్రం ఆ రోజూ చెప్పలేదు.

సంతాప సభ నుంచి తిన్నగా యారాడ వెళ్లాను. పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మాస్టారు పోయిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పగానే వల పక్కన పెట్టేశాడు. నేను చేసిన పని అతనికి చెప్పేశాను, అంతవరకు ఎవరికీ చెప్పనిది.

"ఆ బాబుకి అప్పుడే తెల్సమ్మా" అన్నాడు. "ఆ పాప మళ్లీ ఎల్లి సూడనేదు పోలయ్యా అన్నారు. మరి అడగరేటి బాబూ అన్నాను నాను. అడిగితే అది సిగ్గుతో ఇంక సముద్రం ఏపు సూడదు, దాని సదువు పాడైపోద్ది అన్నారు."

మాస్టారి వంటి గురువు నాకు మళ్లీ లభించరు. ఆయన పాదాలకు నమస్కరించి, ఆయన బతికుండగా రాయవలసిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొరపాటు పేర్రాజు మాస్టారిది కాదు, నాది. ఎందుకు రాశావని నన్ను మందలించడానికి ఆయన లేరు.