గౌరి ఎడమ చెయ్యి

మా అమ్మ గౌరి ఎడమ ముంజేతి మీద బెత్తెడు పొడుగు పచ్చబొట్టు తేలు ఉంది. ఇప్పుడు బెంగాల్‌లోని మా రైల్వే ఊళ్లో గోల్‌బజార్‌లో ఒకడు బ్యాటరీ మిషన్ పెట్టుకుని గులాబీలూ సీతాకోకచిలుకలూ పొడుస్తున్నాడు. నా స్నేహితురాలు ఆలిస్ ఒకటి పొడిపించుకుని ఫ్యాషన్ అంటోంది. పొడిపించుకోనీ, నాకేం? కానీ అమ్మ తేలును చూసి "మోటుగా ఉంది" అనేసరికి నాకు ఒళ్లు మండింది. కూర్చోబెట్టి అంతా చెప్పాను.

ఆ తేలు కింద ఒక పేరుంది. తవిటయ్య. అమ్మకు మేనమామ కొడుకు. అమ్మకు పదేళ్లప్పుడు పెద్దవాళ్లు ఇద్దరికీ పెళ్లని మాట అనుకున్నారు. ఆ మాట గట్టిపడాలని నిమ్‌పురా పేటలో పచ్చబొట్లు పొడిచే జోగమ్మను పిలిచి, పిల్ల చేతి మీద పిల్లాడి పేరు పొడిపించారు. పిల్లాడి చేతి మీద మాత్రం ఎవరూ ఏమీ పొడిపించలేదు. ఏడేళ్ల తరువాత, 1957లో, రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరిన తవిటయ్య ఇంకో పిల్లను చేసుకున్నాడు. అతని చెయ్యి శుభ్రంగానే ఉంది మరి!

అమ్మకు వచ్చిన సంబంధాలన్నీ ఆ పేరు చూసి వెనక్కి పోయాయి. సున్నం, చాకలిసోడా కలిపి కడితే చర్మం కాలి పేరు పోతుందని ఎవరో చెబితే, మా అమ్మమ్మ సింహాచలమ్మ ముద్ద కలిపి తెచ్చింది.

"ఒక్క రోజు ఓర్సుకోయే. మచ్చ పడితే పడింది."

"తప్పు సేసినోడి సెయ్యి కాల్సండి. నాను కాల్సుకోను" అని అమ్మ ఆ ముద్దను కాలువలో పారేసింది.

తిన్నగా జోగమ్మ ఇంటికి వెళ్లి, ఆ పేరు కనబడకుండా దాని మీద ఇంకోటి పొడవమంది.

"బతికున్నోడి పేరు మీద సూది పెట్టకూడదే. ఆడి ఆయుస్సు తగ్గిపోద్ది" అంది జోగమ్మ. తన తల్లి దగ్గర పనితో పాటు నేర్చుకున్న కట్టుబాటు అది. "ఆడే ఒచ్చి నా ముందర ఒప్పుకుంటే పొడుత్తాను."

అమ్మ మూడు రోజులు ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంది. జోగమ్మ కరగలేదు. నాలుగో రోజు అమ్మ వర్క్‌షాపు గేటు దగ్గరకు వెళ్లింది.

మధ్యాహ్నం సైరన్ మోగగానే వందలమంది మగవాళ్లు బయటికొచ్చారు. మధ్యలో పదిహేడేళ్ల పిల్ల ఒక్కతే. నాకైతే ఇప్పటికీ అంత తెగువ లేదు. తవిటయ్య కనబడగానే అమ్మ చెయ్యి చాపింది.

"బావా, ఇదిగో నీ పేరు. నాకక్కర్లేదు. ఒచ్చి జోగమ్మకు సెప్పు."

చుట్టూ నవ్వులు. "కీ హోలో దాదా?" అంటూ, ఏమైందని అడగడానికి ఒక బెంగాలీ మిస్త్రీ కూడా ఆగాడు.

"సిన్నగా మాటాడే, నా పరువు పోద్ది" అన్నాడు తవిటయ్య.

"నీ పరువు ఏడేళ్లు నా సేతి మీద మోసినాను. ఇంక మొయ్యను."

పక్కనున్న ఎర్రయ్య ఒక్కడే నవ్వలేదు. అతనూ అదే షాపులో ఖలాసీ. "ఎల్లరా. ఒక్క మాటే గదా అడిగింది" అన్నాడు.

ఆదివారం పొద్దున్న అతనే తవిటయ్యను జోగమ్మ ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు.

"పొడిసెయ్" అన్నాడు తవిటయ్య. మళ్లీ గొంతు తగ్గించి, "నాకేటీ అవదు గదా?" అని అడిగాడు.

"అయితే సూద్దాం" అంది జోగమ్మ. తవిటయ్య అక్కడ ఇంకో నిమిషం నిలబడలేదు.

"ఏటి పొడవమంటావే? తీగా, పువ్వా?"

"తేలు."

మసి కలిపిన పసరులో సూదులు ముంచి జోగమ్మ మధ్యాహ్నం దాకా పొడిచింది. చెయ్యి పొంగిపోయింది. అమ్మ ఏడవలేదు. ఒక్కొక్క అక్షరం తేలు కడుపులోకి పోతుంటే కళ్లార్పకుండా చూసింది. ఎర్రయ్య చివరిదాకా ఉండి నీళ్లు అందించాడు.

మరుసటి ఏడు ఎర్రయ్య తరఫువాళ్లు పిల్లను అడగడానికి వచ్చారు. అతని తల్లి నూకాలమ్మకు తేలుతో పేచీ లేదు.

"కుడి సెయ్యి కాళీగానే ఉంది గదా. దాని మీద మావోడి పేరు పొడిపించండి, సాలు" అంది.

"ముందర ఆయన సేతి మీద నా పేరు పొడిపించండి. తరవాత సూద్దాం" అంది అమ్మ.

అమ్మమ్మ తల పట్టుకుంది. ఎర్రయ్య లేచి చెప్పులేసుకుని బయటికి నడిచాడు. సంబంధం తప్పిపోయిందనే అందరూ అనుకున్నారు. నూకాలమ్మ తాంబూలం పళ్లెం మళ్లీ సంచీలో పెట్టేసుకుంది కూడా.

గంట తరువాత ఎర్రయ్య తిరిగొచ్చి ముంజేతికి కట్టుకున్న రుమాలు విప్పాడు. ఎర్రగా పొంగిన చర్మం మీద "గౌరి" అని ఉంది. సూదులకు ఏడవని మా అమ్మ అది చూసి వెక్కి వెక్కి ఏడ్చింది.

మరునాడు ఎవరూ అడగకుండానే అమ్మ వెళ్లి జోగమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని కుడి చెయ్యి చాపి, మా నాన్న పేరు చెప్పింది.